మూడో సంవత్సరం, నాలుగో పేపరు

కిందటి వారం ప్రేమలీల కొరాపుట్‌లో బస్సు దిగింది. చేతిలో రేకు పెట్టె. పెట్టెలో బట్టల అడుగున, ఆమె తండ్రి రాసిన రెండు రిపోర్టుల కార్బను కాపీలు.

ఆమె వచ్చిన పని గుర్తుండే ఉంటుంది. కొండ మీద కొత్తగా రాబోయే కళాశాలలో ప్రజారోగ్యానికి మూడేళ్ళ డిగ్రీ పెట్టాలని తలపెట్టారు. ఏ ఏడు ఏం చెప్పాలో, ఎన్ని గంటలు చెప్పాలో తేల్చడానికి నలుగురితో కమిటీ వేశారు. రాయగడ వైపు ఊళ్ళలో హెల్తు విజిటరుగా తిరుగుతున్న ప్రేమలీలకు అందులో చోటు దొరికింది. కమిటీ అధ్యక్షుడు రిటైరైన డాక్టరు అనంతపద్మనాభం.

పదహారేళ్ళ కిందట, 1944 వానాకాలంలో, గుడారిలో కలరా వచ్చి అరవై ముగ్గురు పోయారు. అప్పుడా ఏజెన్సీకి ఆరోగ్యాధికారి ఈ అనంతపద్మనాభమే. నేరమంతా గుడారిలో టీకాలు వేసే చిన్న ఉద్యోగి అంద్రెయ మీదకు నెట్టి, అతన్ని ఉద్యోగంలోంచి తీయించిందీ ఆయనే. అంద్రెయ ఏడేళ్ళు ఎవరితోనూ మాట్లాడకుండా బతికి, అలాగే పోయాడు. అతని కూతురే ప్రేమలీల. ఆ సంగతి డాక్టరుకు తెలియదు.

రెండో రోజు ఉదయం పదింటికి కమిటీ కూచుంది. బల్లలు ఇంకా రాని తరగతి గది అది. నాలుగు కుర్చీలు, ఒక మేజా, గోడకు కొత్త నల్లబల్ల. కిటికీ బయట మంచు విడుస్తోంది. డాక్టరు మధ్య కుర్చీలో కూచున్నాడు. డెబ్బై దగ్గర పడినా వెన్ను నిటారుగా ఉంది. తెల్లటి కోటు, మెడకు మఫ్లరు, చేతిలో వెండి పొడుంకాయ, కుర్చీకి ఆనించిన చేతికర్ర. ఆయన కుడివైపు కార్యదర్శి భావనారాయణ. రసాయన శాస్త్రం లెక్చరరు, మెత్తటి మనిషి. కళాశాల వచ్చాక శాఖాధిపతి కావాలని ఆయన ఆశ. అందుకు డాక్టరు మాట సాయం కావాలి. ఎడమవైపు బావుల ఓవర్సీరు గోవిందరాజులు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, ఈ జిల్లాలో సగం బావులు దగ్గరుండి తవ్వించినవాడు.

మొదటి ఏడు సంగతి మళ్ళీ మొదటికి వచ్చింది.

"ముందు చట్టాలు రావాలి," అన్నాడు డాక్టరు. "చట్టం తెలియనివాడు బావి దగ్గర నిలబడి ఏం చేస్తాడు? నీళ్ళు తోడుకుంటాడు."

"చట్టాలు రెండో ఏడు చెప్పుకుందాం సార్," అంది ప్రేమలీల. "చేరిన మొదటి వారమే పిల్లల్ని ఒక ఊరి బావి దగ్గరికి తీసుకెళ్ళాలి. ఎవరు తోడుతున్నారో, ఎక్కడ కడుగుతున్నారో, మురుగు ఎటు పోతోందో చూసి రాయమనాలి. ఆ తర్వాతే పుస్తకం."

"ఆమె సెప్పింది నిజవేనండి," అన్నాడు గోవిందరాజులు. "మొన్న కొట్పాడు సంతలో ఒక కుర్ర ఇనస్పెక్టరు తగిలేడు. రూల్సన్నీ గడగడా సెప్పేసేడు. ఈ బావి లోతెంతుంటాది బాబూ అంటే ఆకాశం కేసి సూసేడు."

భావనారాయణ నవ్వాపుకున్నాడు. డాక్టరు పొడుం పీల్చి, సరే రాసుకోమన్నట్టు చెయ్యి ఊపాడు. మొదటి ఏడు నలభై గంటలు ఊరి బావి దగ్గర అని రాసుకున్నారు. రెండో ఏడు నీళ్ళు, తిండి, దోమలు, జనన మరణాల పట్టికలు. తెరుబలి వైపు కార్ఖానా వస్తుందంటున్నారు కనుక కూలీల బస్తీల మీద కూడా ఒక పేపరుండాలన్నాడు గోవిందరాజులు. అదీ చేర్చారు. చకచకా పని సాగింది. పదకొండున్నరకు మూడో ఏడు నాలుగో పేపరు దగ్గరికి వచ్చారు.

అంటువ్యాధి విచారణ. దాని కింద ఎజెండాలో ప్రేమలీల పెట్టించిన మాట: ఉదాహరణ, గుడారి, 1944.

ఆ ఒక్క పంక్తి కోసమే ఆమె ఈ కొండ ఎక్కింది. పద్దెనిమిదేళ్ళ వయసులో ఆమె మనసులో ఉన్నది వేరు. నడిబజార్లో ఆయన్ని ఆపి, అందరూ చూస్తుండగా చెప్పు తీసి కొట్టాలని. ఇరవై రెండేళ్ళప్పుడు ఒకసారి, రాయగడలో ఆయన ఇంటి ఎదుట రెండు మధ్యాహ్నాలు నిలబడింది కూడా. ఆయన గేటు దాటి వచ్చి, ఆమెకు దారి చెప్పాలేమో అనుకుని, "ఎవరికోసమమ్మా?" అని మర్యాదగా అడిగి వెళ్ళిపోయాడు. ఆ మర్యాద ఆమెను ఏళ్ళ తరబడి కాల్చింది. ఈ కమిటీ కబురు అందిన రోజున గాని ఆమెకు దారి కనిపించలేదు. చెప్పుతో కొడితే ఆయన ఒక రోజు తలదించుకుంటాడు. పాఠంలో పెడితే ఏటా నలభై మంది పిల్లలు ఆయన చేసిన పనిని పరీక్షలో రాస్తారు. రాసి మార్కులు వేయించుకుంటారు. ఆయన పోయాక కూడా రాస్తారు.

కానీ ఆమె దగ్గరున్నవి తండ్రి కార్బను కాపీలే. అలాంటివి ఎవరైనా ఎప్పుడైనా రాసుకోవచ్చు. అసలు విచారణ రిపోర్టు కోసం ఆఫీసుల్లో మూడుసార్లు అడిగింది. లేదన్నారు. అది రాసినవాడి దగ్గర ఒక కాపీ ఉండే ఉంటుందని ఆమె నమ్మకం. తన తెలివిని తానే మెచ్చుకునే మనిషి అలాంటి కాగితం పారేయడు. ఎజెండాలో గుడారి పేరు కనిపిస్తే ఆయనే దాన్ని వెలికి తీసి తెస్తాడు.

తెచ్చాడు. డాక్టరు గుడ్డసంచిలోంచి ఎర్రనాడా కట్టిన ఫైలు తీసి మేజా మీద పెట్టాడు.

"ఈ ఉదాహరణ ఎవరు సూచించేరో గాని, చక్కగా సూచించేరు," అన్నాడు. "దీని మీద నా విచారణ రిపోర్టు అప్పట్లో పైవాళ్ళు మెచ్చుకున్నది. వినండి."

ఇంగ్లీషులో ఒక్కో వాక్యం చదువుతూ, తెలుగులో చెప్పసాగాడు. గుడారిలో మొదటి చావు ఆగస్టు పందొమ్మిదిన. ఆరోగ్యాధికారికి మొదటి కబురు ఇరవయ్యొకటిన, అదీ పోలీసుల ద్వారా. అంద్రెయ అనే టీకాల ఉద్యోగి రోగం సంగతి ఒక్క ముక్క కూడా రాసి పంపలేదు. పైపెచ్చు పదమూడో తేదీ నుంచి సెలవు లేకుండా ఊరు విడిచి పోయాడు. ఈ అంద్రెయ స్వతహాగా బద్ధకస్తుడు. ఈ అంద్రెయ నిర్లక్ష్యమే అరవై మూడు ప్రాణాలు తీసింది.

తండ్రి పేరు ఆయన నోట్లోంచి వచ్చిన ప్రతిసారీ ప్రేమలీల మేజా అంచును గట్టిగా పట్టుకుంది. గోళ్ళు తెల్లబడ్డాయి. ముఖం మాత్రం కదల్లేదు.

"ఉద్యోగి బాధ్యత మరిస్తే ఏమవుతుందో పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం దొరకదు," అని ముగించాడు డాక్టరు. "నా రిపోర్టు యథాతథంగా పెట్టేయండి."

"పెడదాం సార్," అంది ప్రేమలీల.

ఆయన మెచ్చుకోలుగా తల పంకించాడు.

"అయితే కథలా చెప్పేస్తే పిల్లలు నిద్రపోతారు. అభ్యాసంలా ఇద్దాం. చివర ఎవరిది తప్పో ఉన్న పేజీ తీసేసి, మిగిలిన కాగితాలన్నీ వాళ్ళ ముందు పెడదాం. అనుబంధాలతో సహా. ఏం జరిగిందో వాళ్ళే తేల్చాలి. ముందు మనమే చేసి చూద్దాం. మనం చెయ్యలేని లెక్క వాళ్ళకెలా ఇస్తాం?"

"చేయండి, చేయండి," అన్నాడు డాక్టరు కుర్చీలో వెనక్కి వాలుతూ. "జవాబు నాకు తెలిసిందేగా."

ప్రేమలీల తన సంచిలోంచి రెండు కాగితాలు తీసింది. ఒకటి గుడారి పటం. నాలుగు బావులు, సంత, వాగు, వాగు ఒడ్డున అప్పట్లో వేసిన వేట శిబిరం. రెండోది ఊరి కావలివాడు రాయించిన చావుల పుస్తకం నుంచి ఆమె స్వయంగా ఎత్తి రాసుకున్న జాబితా. ఒడియాలో ఉన్న పేర్లకు పక్కనే తెలుగు. భావనారాయణ సుద్దముక్క తీసుకుని నల్లబల్ల మీద నిలువుగా గీత గీశాడు. ఒకవైపు ఊళ్ళో జరిగింది, రెండోవైపు ఆఫీసు చేసింది.

మొదటి తేడా అక్కడే వచ్చింది. కావలివాడి జాబితాలో మొదటి చావు ఆగస్టు ఎనిమిదిన. పదమూడు నాటికే పధ్నాలుగు మంది.

"కావలివాడికేం తెలుసు?" అన్నాడు డాక్టరు. "కడుపు నొప్పితో పోయినవాణ్ణీ, పాము కరిచినవాణ్ణీ ఒకే గాటన కట్టేస్తాడు. అది లెక్కలోకి రాదు."

భావనారాయణ సుద్దముక్క పట్టుకుని ఆగాడు. ప్రేమలీల వాదించలేదు. "ఆఫీసు వైపు నింపండి సార్," అంది. ఎర్రనాడా ఫైల్లోని అనుబంధాలు గోవిందరాజులు ముందుకు జరిపింది. వాటిలో ఏముందో ఆమెకూ తెలియదు.

గోవిందరాజులు కళ్ళజోడు దారం సవరించుకుని, పెదవులు కదుపుతూ ఒక్కో పట్టికా చదవసాగాడు. ఒక పేజీ తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పాడు.

"డాక్టరుగారూ, సిన్న డౌటండి. ఇక్కడ సూదిమందు ఎంత వాడేరో పట్టికుంది. ఆగస్టు పధ్నాలుగు. గుడారి వాగు కాడ శిబిరం. నలభై ఆరు మందికి కలరా సూదులు. ఇదేటండి?"

"పెద్దదొర వేటకొచ్చేరప్పుడు. వారం రోజుల మకాం. అంతటివారు వస్తే వంటవాళ్ళకీ బంట్రోతులకీ ముందుగా సూదులు వేయడం మామూలే."

"మామూలేనా?"

"మామూలే."

"సరే. మరి దీని కింద ఉత్తర్వొకటుంది. ఆగస్టు పదమూడు. శిబిరం మనుషులెవ్వరూ గుడారి ఊళ్ళో అడుగెట్టకూడదు. ఊరి బావి నీళ్ళు ముట్టకూడదు. తాగడానికి నీళ్ళు గుణుపురం నించి పీపాల్లో తేవాల. ఇదీ మామూలేనేటి?"

డాక్టరు వేళ్ళ మధ్య పొడుం చిటికె ఆగిపోయింది.

"నేను బావులోణ్ణండి," అన్నాడు గోవిందరాజులు. గొంతులో నవ్వు పోయింది. "ముప్పై ఏళ్ళుగా దొరల శిబిరాలకి నీళ్ళు సూసేను. ఊరి బావిలో పొటాసు ఏసి తోడేవోళ్ళం, అంతే. అంత దూరం నించి బళ్ళ మీద పీపాలు తోలించడం నేనెప్పుడూ ఎరగను. ఊళ్ళో కలరా మరిడి ఉందని తెలిస్తే తప్ప."

భావనారాయణ ఆఫీసు వైపున పదమూడు అని అంకె వేసి, దాని పక్కన ఏం రాయాలో తోచక నిలబడ్డాడు. చివరికి తిరిగి చూడకుండానే అడిగాడు.

"సార్... మీకు మొదటి కబురు ఇరవయ్యొకటిన అందిందని రిపోర్టు. ఈ ఉత్తర్వు పదమూడున. సంతకం... మీదే."

"పదహారేళ్ళ నాటి కాగితాలయ్యా అవి!" డాక్టరు గొంతు పెరిగింది. "తేదీలు గుమాస్తాలు వేస్తారు. ఏదో పొరపాటు."

"పొరపాటు కాదు సార్."

ప్రేమలీల లేచి నిలబడింది. రేకు పెట్టెలోంచి తెచ్చిన రెండు కార్బను కాపీలు మేజా మీద పరిచింది. నీలం అక్షరాలు కొన్నిచోట్ల అలికినట్టున్నాయి. మొదటిది చదివింది.

"గుడారిలో నిన్నా ఇవాళా అయిదుగురు పోయారు. ఇది కలరా అని నా నమ్మకం. బావులకు బ్లీచింగు పౌడరూ, సూదిమందూ వెంటనే పంపించ ప్రార్థన. ఆగస్టు తొమ్మిది. రెండోది పదకొండున. రెండూ మీ పేర పంపినవే."

"అలాంటి కాపీలు ఎవడైనా రాసుకుంటాడు!"

"రాసుకోవచ్చు. అందుకే ఇన్నేళ్ళూ వీటిని పెట్టెలో పెట్టుకు కూచున్నాను. వీటికి సాక్ష్యం కావాలి. ఆ సాక్ష్యం ఇవాళ మీరే సంచిలో పెట్టి తెచ్చారు." ఇన్నేళ్ళూ మనసులో చెప్పుకున్న మాటలు కనుక తడుముకోవలసిన పని లేదు. "అంద్రెయ పదమూడున ఊరొదిలి పోయేడని రాశారు. పోయింది మీ దగ్గరికే. రెండు రోజులు నడిచి రాయగడ వచ్చేడు. మందు ఇప్పించండని మీ వరండాలో కూచున్నాడు. పదిహేను, పదహారు, రెండు రోజులు. లోపలున్నారు మీరు. పిలవలేదు. వేట చెడిపోతుందని. భావనారాయణ గారూ, ఆ జాబితాలో ఇరవై తొమ్మిదో పేరు చదవండి."

భావనారాయణ కాగితం దగ్గరగా పట్టుకున్నాడు. "ఆగస్టు పదిహేడు. టీకాల అంద్రెయ భార్య."

"కావలివాడు పేరు రాయించలేదు. వసంతకుమారి. అక్కడ రాయండి."

సుద్దముక్క బల్ల మీద కీచుమంది. గోవిందరాజులు నెమ్మదిగా కళ్ళజోడు తీశాడు.

"అమ్మీ, ఇయ్యన్నీ నీకెలా తెలుసు?"

"ఆవిడ మా అమ్మ. ఆయన మా నాన్న. అప్పుడు నాకు పన్నెండేళ్ళు."

డాక్టరు ఆమె ముఖంలోకి చూశాడు. రెండు రోజులుగా ఎదురుగా కూచున్న మనిషిని అప్పుడే చూస్తున్నట్టు చూశాడు. ఆ చూపు కోసం ఆమె పదహారేళ్ళు ఆగింది. కళ్ళు తిప్పుకోకుండా దాన్ని చివరిదాకా చూసింది.

"రాసుకోండి భావనారాయణ గారూ," అంది. "పదమూడు దాకా ఊళ్ళో చావులు పధ్నాలుగు. ఆఫీసు చేసింది, శిబిరానికి వేరే నీళ్ళు. పధ్నాలుగు నుంచి ఇరవై దాకా ముప్పై ఎనిమిది. ఆఫీసు చేసింది, శిబిరానికి సూదులు. ఇరవైన దొర వెళ్ళిపోయాడు. ఇరవై రెండున ఊరికి పౌడరు లారీ వచ్చింది. తర్వాత పదకొండు మంది. మొత్తం అరవై మూడు. నాలుగో పేపరులో ప్రశ్న ఒక్కటే ఉంటుంది. ఈ అరవై మూడులో ఎన్ని చావులు ఆపగలిగినవి? ఎవరు ఆపగలిగేవారు?"

డాక్టరు పొడుంకాయ మూత బిగించాడు. "సరే. పాఠం ఉండనీయండి. పేర్లు తీసేయండి. పాఠాల్లో మనుషుల పేర్లెందుకు?"

"అరగంట కిందట మా నాన్న పేరు మీరు మూడుసార్లు చదివారు. అప్పుడు మీకలా అనిపించలేదు."

గోవిందరాజులు చెయ్యెత్తాడు. "పేర్లుండాల. నేనొప్పుకుంటన్నాను." ప్రేమలీల ఎత్తింది. ఇక భావనారాయణ. ఆయన డాక్టరు వైపు చూశాడు. బల్ల వైపు చూశాడు. నేల చూపులు చూస్తూనే, సుద్ద అంటిన చెయ్యి భుజం దాకా ఎత్తాడు. తీర్మానంలో చివరి వాక్యం ప్రేమలీలే చెప్పి రాయించింది. గుడారికి సంబంధించిన ప్రతి పత్రమూ విద్యార్థుల ముందు ఉంచవలెను, ఏ ఒక్కటీ దాచరాదు.

మధ్యాహ్నం టీకి లేచారు. ప్రేమలీల వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడింది. ఎండ కాళ్ళ మీద పడుతోంది. కింద రోడ్డు మీద సంతకు పోతున్న ఆడవాళ్ళు వరసగా దిగుతూ గట్టిగా మాట్లాడుకుంటున్నారు. ఆమెకు ఏడుపు రాలేదు, నవ్వూ రాలేదు. నోట్లో ఏదో తియ్యగా ఉంది. తమ పాస్టరు గారు క్షమించమని ఎన్నోసార్లు చెప్పారు. ఈ తీపి సంగతి ఆయనకు తెలిసి ఉండదనుకుంది. ఆదివారం తండ్రి సమాధి దగ్గరికి వెళ్ళి, ఒక్కో ముక్కా చెప్పాలి. ముసలాయన చేతిలోని పొడుం ఎలా ఆగిపోయిందో కూడా చెప్పాలి.

వెనక చేతికర్ర చప్పుడైంది.

"అమ్మీ."

ఆ పిలుపు ఆయన నోట వింటే ఒళ్ళు జలదరించింది. లోపల నర్సమ్మా అనో, అమ్మా అనో పిలిచిన మనిషి. డాక్టరు వచ్చి పక్కన నిలబడ్డాడు. ముఖంలో రక్తం లేదు గాని, గొంతు తేటగా ఉంది.

"మీ నాన్న ఏడేళ్ళు బతికేడు కదా తర్వాత. నా మీద ఒక్క అర్జీ పెట్టలేదు. ఆ కాపీలు ఎవరికీ చూపించలేదు. ఎందుకో ఎప్పుడైనా అడిగేవా?"

ప్రేమలీల అడిగింది. చాలాసార్లు అడిగింది. నాన్న గోడ వైపు తిరిగి పడుకునేవాడు.

డాక్టరు కోటు లోపలి జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. "గుడారి ఫైల్లోదే ఇది. లోపల చదవలేదు. తీసుకో, చూడు."

ఇంగ్లీషు. ఆగస్టు పద్దెనిమిది. నేను తొమ్మిదో తేదీన, పదకొండో తేదీన పంపిన రిపోర్టులు పొరపాటున రాసినవి. ఊళ్ళో ఉన్నది మామూలు విరేచనాలే. ఆ రిపోర్టులను వెనక్కి తీసుకుంటున్నాను. కింద సంతకం. వణుకుతున్నా అది తండ్రి సంతకమే. పద్దెనిమిది. అంటే అమ్మను పూడ్చిన మర్నాడు.

"దొంగ కాగితం," అంది ప్రేమలీల.

"సంతకం సరే. పైన రాసిన చేతిని చూడు."

గుండ్రటి అక్షరాలు. పంక్తి దాటకూడదని జాగ్రత్తపడ్డ పిల్లచేతి రాత. రెండు చోట్ల అక్షరం తప్పుపోతే నాలిక తడితో చెరిపి దిద్దినట్టు కాగితం గరుకు తేలి ఉంది.

ప్రేమలీలకు ఇంటి అరుగు కనిపించింది. లోపల నాన్న జ్వరంతో నులక మంచం మీద పడి ఉన్నాడు. టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఎవరో వచ్చి కూచున్నాడు. మీ నాన్న చెయ్యి వణుకుతోంది, బడికి పోయే పిల్లవు కదా, నువ్వు రాయి అమ్మీ అన్నాడు. బావుల మందు కోసం అర్జీ అన్నాడు. ఒక్కో అక్షరం ఆయన చెబుతుంటే, అర్థం తెలియకపోయినా తను తప్పుల్లేకుండా రాసింది. నీ రాత ముత్యాల్లా ఉందని ఆయన మెచ్చుకున్నాడు. నాలుగు రోజులకు పౌడరు లారీ వచ్చింది. తన అర్జీ వల్లే వచ్చిందనుకుంది. అమ్మ పోయిన ఆ రోజుల్లో ఆమెకున్న ఓదార్పు అదొక్కటే. ఆ ధైర్యంతోనే హెల్తు విజిటరు చదువుకు పోయింది. ఎవరికీ చెప్పుకోని గర్వం అది.

ఆ పెద్దమనిషి ముఖం ఎన్నడూ గుర్తు రాలేదు. ఇప్పుడు టోపీ కింద ఈ ముఖమే ఉంది.

"చదివి తెలిసే సంతకం పెట్టేడు మీ నాన్న," అన్నాడు డాక్టరు. "ఎందుకు పెట్టేడో నాకూ ఆయనకూ తెలుసు. ఆయన పోయేడు. నేను చెప్పను. కలరా అని తెలిసి, కాదని రాసిచ్చిన ఉద్యోగి. రాసింది కన్నకూతురు. ఇది బయటపడుతుందనే ఆయన నోరెత్తలేదు."

ప్రేమలీల కాగితం మళ్ళీ చదివింది. మొదటి వాక్యం దగ్గర ఆగింది. నేను పంపిన రిపోర్టులు. ఒక్క ముక్క కూడా రాసి పంపలేదని ఈ మనిషి పైవాళ్ళకు నివేదించాడు. పంపకపోతే వెనక్కి తీసుకోవడం ఎలా? ఈ ఒక్క కాగితం బయట పెడితే ఆయన తప్పించుకునే సందు ఇక ఎక్కడా ఉండదు. ఆయనకూ తెలుసది. తెలిసే చూపిస్తున్నాడు. ఏటా నలభై మంది పిల్లలు ఆయన పేరు రాస్తారు. ఆ పక్కనే నాన్న అబద్ధానికి సంతకం పెట్టాడని కూడా రాస్తారు. అది ఎవరి చేతిరాత అని అడుగుతారు.

"పాఠం వద్దని నువ్వే చెప్పేయ్," అన్నాడు డాక్టరు మెల్లగా. "ఏదో ఒక కారణం చెప్పు. ఇది ఇక్కడే, నీ చేతుల్తోనే చింపేసుకో. మీ నాన్న పేరూ మిగుల్తుంది, నాదీ మిగుల్తుంది. మీ నాన్న ఒప్పుకున్న బేరమే ఇది."

గది గుమ్మంలోకి భావనారాయణ వచ్చాడు. చేతిలో కాగితాల కట్ట, కలం.

"ప్రేమలీల గారూ, టైపుకి ఇచ్చేస్తున్నానండి. నాలుగో పేపరుకి పత్రాలు ఆరు లెక్కకొచ్చాయి. పటం, చావుల జాబితా, రెండు రిపోర్టులు, విచారణ, అనుబంధాలు. అంతేనా? ఇంకేమైనా ఉందా?"

డాక్టరు కర్ర మీద రెండు చేతులూ ఆనించి ఆమె వైపు చూస్తున్నాడు. ఆ పెదవి చివర, గెలిచినవాడి నవ్వు మొదలవుతోంది.

ప్రేమలీల కాగితాన్ని పాత మడతల మీదే మడిచింది. ఒక మడత, రెండో మడత. దాన్ని పిడికిట్లో పట్టుకుని గుమ్మం వైపు నడిచింది.

"మాస్టారూ," అంది. "ఆ కలం ఒకసారి ఇలా ఇవ్వండి."